ఏడో ప్రశ్న

లాన్‌జౌలో ఏప్రిల్ అంటే ఇసుక.
కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కినా
సాయంత్రానికి కీబోర్డు మీద పసుప్పచ్చని పొర.
దాన్ని కొంగువేళ్లతో కాదు, పాత టూత్‌బ్రష్‌తో దులుపుతూ
పదకొండు వందల నలభై మంది పిల్లల నిద్రలేమిని
అంకెల్లోకి ఎక్కిస్తున్నాను.

పని సులువే.
రెండు వారాల్లో కంటిమీద కునుకు లేని రాత్రులు?
అసలు లేవు, సున్నా. దాదాపు రోజూ, మూడు.
ఊరికే ఏడుపొచ్చిందా?
దాదాపు రోజూ. మూడు.
ఎంటర్ కొడితే కర్సరు కిందికి దిగుతుంది,
వెనక్కి చూడకుండా మెట్లు దిగే మనిషిలా.

ఏడో ప్రశ్న దగ్గరే నా చెయ్యి ఆగుతుంది.
"మీ నాన్నగారి చదువు."
బడి మొహం చూడలేదు నుంచి డిగ్రీ ఆపైన దాకా ఐదు గళ్లు.
ఇక్కడ పెన్ను పట్టు మారిపోతుంది.
కొందరి టిక్కు పిచ్చుక వాలినట్టుంటుంది.
కొందరిది గోడకి మేకు దిగేసినట్టు,
కాగితం తిప్పి తడిమితే వేలికి తగులుతుంది.

తండ్రి చదువు తగ్గేకొద్దీ బిడ్డ గుండె బరువు పెరుగుతుందని
గీత గీసి చూపిస్తారు ప్రొఫెసర్ షెన్.
ఆయన గీత అబద్ధమని నేననను.
కానీ మూడు వందల రెండో కాగితంలో
అమ్మ డాక్టరు, నాన్న డాక్టరు, అన్నీ మూడ్లే.
అడుగున చీమతలకాయంత అక్షరాలు:
"మా ఇంట్లో రెండో ర్యాంకుని పేరు పెట్టి పిలవరు."
ఆ వాక్యాన్ని ఎక్కించడానికి నా పట్టికలో గడి లేదు.

గురువారం ఒకమ్మాయి వచ్చింది.
క్యాంటీన్ ఏప్రన్, దాని మీద మిరపనూనె మరకలు.
లువో చియావ్‌యున్ అని, అడక్కుండానే పేరు చెప్పింది.
హుయ్‌నింగ్ కొండల పిల్ల.
బంగాళాదుంపలు, దుమ్ము, పరీక్షలు, అక్కడ పండేవి ఆ మూడే.

"ఏడో ప్రశ్నకి అబద్ధం రాశానక్కా. లెక్క పాడవుతుందా?"

పేరు రాయక్కర్లేదు కదా,
ఎవరికీ తెలీదు కదా, మరెందుకు?

"ఎవరికీ తెలీదనే.
ఒక్కసారి అలా రాసుకుని చూద్దామనిపించింది."

నాన్న యిన్‌చువాన్‌లో సిమెంటు మోస్తాడట. నాలుగో తరగతి.
ఆదివారం ఫోన్లో, ఏం చదువుతున్నావమ్మా అంటాడు.
ఈమె కోర్సు పేరు చెబుతుంది.
ఆయన దాన్ని తిరిగి పలకబోయి
సగంలో జారి,
సరేలే, తిన్నావా, అంటాడు.
"ఆ సరేలే ఉంది చూశారూ,
అదొక్కటే నాకు రాత్రంతా వినబడుతుంది."

నేనేం మాట్లాడలేదు.
ఆరో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద
మా అమ్మ నిశానీ బదులు
నా బొటనవేలే సిరాలో ముంచి వేశానని,
ఆ తేడా ఏ టీచరూ కనిపెట్టలేదని,
కనిపెట్టకపోవడం ఇప్పటికీ నొప్పేనని
చెబుదామనుకున్నాను.
"ఏ సిరా వాడావు?" అని మాత్రం అడిగాను.
నీలం, అంది.
అందరూ నీలమే వాడారు.

నేల మీద కూర్చుని కట్టలు విప్పాం.
చేతిరాత పట్టి వెతుకుదామంది.
కానీ టిక్కుకి చేతిరాత ఎక్కడిది?
బయట ఇసుక గాలి ఊరిని చెరిపేసింది,
మిట్టమధ్యాహ్నం లైటు వేసుకున్నాం.

ఎనిమిది వందలు దాటాక ఒక కాగితం దొరికింది.
ఏడో ప్రశ్న దగ్గర రబ్బరుతో రుద్ది, రుద్ది
కాగితానికి చిల్లు పడింది.
అందులోంచి కిందున్న వాళ్లెవరిదో టిక్కు కనబడుతోంది.

ఇదేనా?

లైటు కిందికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.
"కాదక్కా. నేను చెరపలేదు.
ఇది ఇంకెవరిదో."

తిరిగి కట్టలో పెట్టలేదు.
ఏప్రన్ సవరించుకుని ఒళ్లో పెట్టుకుని
ఇంకో కట్ట ముడి విప్పింది.